అద్దె బాకీ, ఇంటి అప్పు, చెరువు లీజు: కష్టకాలంలో ఎవరి వాటా ఎంత?

ప్రశ్న (ఏలూరు): పని పోయి రెండు మూడు నెలలు అద్దె కట్టలేకపోయిన కుటుంబానికి ఆ బాకీ మాఫీ అవుతుందా?

జవాబు: కాదు. గడువు దొరకొచ్చు గానీ బాకీ పోదు. ఈ విషయంలో జనంలో ఉన్న అపోహ చాలావరకు 2020 లాక్‌డౌన్ నాటిది. ఆ ఏడాది మార్చి 29న కేంద్ర హోంశాఖ విపత్తు నిర్వహణ చట్టం కింద ఒక ఉత్తర్వు ఇచ్చింది. వలస కూలీలతో సహా అద్దె ఇళ్లలో ఉంటున్న కార్మికులను ఒక నెలపాటు అద్దె అడగకూడదని, కూలీలనూ విద్యార్థులనూ ఖాళీ చేయమని ఒత్తిడి చేసే యజమానుల మీద చర్య తప్పదని అందులో ఉంది. అద్దె రద్దయిందని మాత్రం లేదు. అదే ఏడాది మే 21న ఢిల్లీ హైకోర్టు ఖాన్ మార్కెట్‌లోని ఒక దుకాణం కేసులో ఇంకాస్త స్పష్టత ఇచ్చింది. లాక్‌డౌన్‌లో వ్యాపారం సాగలేదు కాబట్టి అద్దె నిలిపేయాలన్న వాదనను ఒప్పుకోలేదు. దుకాణాన్ని చేతిలో ఉంచుకుంటూ అద్దె కట్టననడం కుదరదని చెప్పి, కట్టడానికి కొంత వ్యవధి మాత్రం ఇచ్చింది. అమలు అసాధ్యమైన ఒప్పందం దానంతటదే రద్దవుతుందనే కాంట్రాక్టు చట్టంలోని 56వ సెక్షన్, ఒకసారి మొదలైన లీజులకు వర్తించదని సుప్రీంకోర్టు 1968లోనే తేల్చింది.

అంతమాత్రాన చట్టం పూర్తిగా యజమాని పక్షమే అనుకోనక్కర్లేదు. కట్టలేనివాడు వేరు, కట్టనివాడు వేరు అన్న తేడా అద్దె చట్టాల్లో మొదటినుంచీ ఉంది. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ అద్దె నియంత్రణ చట్టం ప్రకారం గడువు దాటినంత మాత్రాన ఖాళీ చేయించడానికి లేదు. ఎగవేత బుద్ధిపూర్వకం కాదని రెంట్ కంట్రోలర్‌కు నమ్మకం కలిగితే, బాకీ చెల్లించడానికి 15 రోజులకు మించకుండా వ్యవధి ఇవ్వవచ్చు. యజమాని అద్దె తీసుకోవడానికి నిరాకరిస్తే మనియార్డరు చేసే దారి, అదీ కాదంటే కంట్రోలర్ దగ్గర జమ చేసే దారి కూడా ఆ చట్టంలో ఉన్నాయి. దాని స్థానంలో రాష్ట్రం 2017లో నివాస, నివాసేతర ప్రాంగణాల అద్దె చట్టం చేసింది. ఏ చట్టం కింద చూసినా అద్దెకున్నవారిని కాపాడేది కాగితమే. మూడు నెలలు మొహం చాటేసినవారికీ, నెలకు వెయ్యో రెండు వేలో బ్యాంకు ద్వారా వేస్తూ మిగిలినది ఎప్పుడిస్తారో రాసిచ్చినవారికీ కోర్టులో చాలా తేడా ఉంటుంది.

లెక్క కుదుర్చుకోవడం కష్టమేమీ కాదు. నెలకు ఆరు వేల అద్దె మీద రెండు నెలల బాకీ పన్నెండు వేలు. పని దొరికిన నెల నుంచి అద్దెతోపాటు పదిహేను వందలు కలిపి కడితే ఎనిమిది నెలల్లో తీరిపోతుంది. అడ్వాన్సులో కొంత తగ్గించుకోమని అడగడం కూడా న్యాయమే. కాకపోతే తర్వాత ఆ అడ్వాన్సును మళ్లీ పూడ్చాలి, ఎందుకంటే అది యజమానికున్న ఒకే ఒక్క హామీ.

ప్రశ్న (తాడేపల్లిగూడెం): అద్దె వస్తేనే బ్యాంకు వాయిదా కట్టగలిగే ఇంటి యజమాని ఎంతవరకు ఓపిక పట్టాలి?

జవాబు: ఈ ఊళ్లలో ఇళ్లు అద్దెకిచ్చేవారంతా ఆస్తిపరులు కారు. పై అంతస్తులో తాముంటూ కింది వాటా అద్దెకిచ్చే రిటైర్డు ఉద్యోగులు, ఆ అద్దెతోనే మందులు కొనుక్కునే ఒంటరి వృద్ధురాళ్లు, అప్పుచేసి రెండో అంతస్తు వేసిన చిరు వ్యాపారులు వీరిలో ఉంటారు. ‘యజమాని’ అనగానే బలవంతుడనీ, ‘అద్దెకున్నవాడు’ అనగానే బలహీనుడనీ లెక్క వేస్తే సగం ఇళ్ల విషయంలో పొరపాటే అవుతుంది. ఓపిక ఎంత అన్నది ఎవరి దగ్గర ఎంత ఊపిరి మిగిలిందన్న దానిమీద ఆధారపడాలి.

2020లో ఆ ఊపిరి ఎవరికి అందిందో చూస్తే విషయం తేలుతుంది. రిజర్వు బ్యాంకు మార్చి 27న టర్మ్ లోన్ల వాయిదాలకు మూడు నెలల విరామం ప్రకటించి, తర్వాత దాన్ని ఆగస్టు 31 దాకా పొడిగించింది. అంటే ఇంటి అప్పున్న యజమానికి ఆరు నెలలు దొరికాయి, అద్దెకున్న కార్మికుడికి ఒక్క నెల. విరామం తీసుకుంటూనే అద్దె మాత్రం ఒకటో తారీకుకే పూర్తిగా కావాలన్న యజమానులది న్యాయమైన నడత కాదు. అయితే ఆ విరామం ఉచితంగా వచ్చింది కాదు. ఆ ఆరు నెలలకూ వడ్డీ నడిచింది. వడ్డీ మీద వడ్డీ, జరిమానా వడ్డీ వేయకూడదని మాత్రం సుప్రీంకోర్టు 2021 మార్చి 23న తీర్పిచ్చింది. బ్యాంకు యజమానికి ఇచ్చిన గడువును అద్దెకున్నవారికి బదిలీ చేసి, దానివల్ల పెరిగిన వడ్డీలో కొంత వారు భరించేలా మాట్లాడుకుంటే ఇద్దరికీ సమంజసం. ఇలాంటి ఒప్పందం ఏ చట్టంలోనూ రాసి లేదు, కానీ ఏ చట్టమూ కాదనదు.

సొంతింటి వాయిదాలే తప్పినప్పుడు కంగారుపడి బంగారం తాకట్టు పెట్టేముందు ఒక క్రమం తెలుసుకోవాలి. వాయిదా 90 రోజులు దాటి నిలిచిపోతే ఖాతా మొండి బాకీల్లోకి వెళుతుంది. ఆపైన 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు 60 రోజుల నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసుకు అభ్యంతరం రాసిస్తే బ్యాంకు 15 రోజుల్లో కారణాలతో జవాబివ్వాలి. స్వాధీనానికి దిగితే 45 రోజుల్లో రుణ వసూలు ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. బ్యాంకు మేనేజరు దగ్గరకు వెళ్లి గడువు పెంచమనో వాయిదా తగ్గించమనో అడగాల్సింది 90 రోజులు నిండకముందే. నిండాక అడిగితే వినే ఓపిక బ్యాంకుకు బాగా తగ్గుతుంది.

ప్రశ్న (కొల్లేటి లంక గ్రామం): ఇంట్లోకి వరద నీళ్లు వచ్చి పదిహేను రోజులు వేరేచోట తలదాచుకుంటే ఆ రోజులకూ అద్దె కట్టాలా? ప్రభుత్వ సాయం ఎవరికి చెందుతుంది?

జవాబు: ఆదాయం పోవడం, ఇల్లు పనికిరాకపోవడం ఒకటి కాదు. మొదటిది అద్దెకున్నవారి కష్టం, అందుకు గడువు ఇవ్వాలి. రెండోది యజమాని ఇస్తానన్న వస్తువే ఇవ్వలేకపోవడం, అందుకు అద్దె తగ్గించాలి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడను ముంచింది. ఆ నీరంతా చివరికి చేరేది కొల్లేరు సరస్సుకే. తమ్మిలేరు, రామిలేరు కూడా దీనిలోకే దిగుతాయి. సముద్రంలోకి పోవడానికి ఉన్న దారి ఉప్పుటేరు ఒక్కటే. అందువల్ల పట్నంలో నీళ్లు తీశాక కూడా లంక గ్రామాల్లో నిలిచే ఉంటాయి. ఏలూరుకైతే తమ్మిలేరు భయం ఎప్పుడూ ఉన్నదే.

ఆస్తి బదలాయింపు చట్టం (1882) 108వ సెక్షన్ ప్రకారం మంట, తుపాను, వరద వంటివాటి వల్ల ఇంట్లో ముఖ్యభాగం పూర్తిగా నాశనమైనా, శాశ్వతంగా వాడకానికి పనికిరాకుండా పోయినా, అద్దెకున్నవారు కోరితే లీజు చెల్లదు. పదిహేను రోజుల మునక ‘శాశ్వతం’ కిందికి రాదు. కాబట్టి కోర్టు మెట్లెక్కితే ఆ పదిహేను రోజుల అద్దె మినహాయింపు గట్టిగా దొరుకుతుందని చెప్పలేం. న్యాయం మాత్రం తేటతెల్లమే. మోకాలిలోతు నీళ్లున్న ఇంటికి యజమాని అద్దె అడగడం, చేపలు లేని చెరువుకు వల అమ్మినట్టే. తాను చేయించాల్సిన మరమ్మతు యజమాని పట్టించుకోకపోతే, నోటీసిచ్చి తామే చేయించుకుని ఆ ఖర్చును అద్దెలో తగ్గించుకునే హక్కు అద్దెకున్నవారికి అదే సెక్షన్ ఇస్తోంది. బిల్లులు దాచుకోవాలి. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం విపత్తుల గురించి మరో ముఖ్యమైన మాట చెప్పింది. గడువు తీరినా, విపత్తు తొలగిన తర్వాత నెల దాకా అద్దెకున్నవారిని పాత షరతుల మీదే ఉండనివ్వాలి. నమూనా చట్టం రాష్ట్రాలకు మార్గదర్శకమే తప్ప నేరుగా అమలయ్యేది కాదని గుర్తుంచుకోవాలి.

ఇక సాయం సంగతి. 2024 వరదలప్పుడు విజయవాడలో కింది అంతస్తు మునిగిన ఇళ్లకు 25 వేలు, పై అంతస్తులవారికి 10 వేలు చొప్పున రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. ఇలాంటి డబ్బు తడిసిన బియ్యానికీ, పాడైన మంచాలకూ, ఫ్రిజ్జులకూ. అవి ఎవరివైతే వారికే చెందాలి. గోడలు దెబ్బతిన్నందుకిచ్చే పరిహారం యజమానిది. గ్రామ సచివాలయం వారు లెక్కకు వచ్చినప్పుడు అద్దెకున్న కుటుంబం పేరు జాబితాలో ఉందో లేదో అక్కడికక్కడే చూసుకోవాలి. అద్దెకున్నవారి సామాను సాయాన్ని తన పాత బాకీ కింద జమ వేసుకోవడం యజమానికి తగదు.

ప్రశ్న: బాకీ ఉన్నవారికి కరెంటు తీసేయడం, ఇంటికి తాళం వేయడం చేయవచ్చా?

జవాబు: చేయకూడదు. నీళ్లు, కరెంటు ఆపడాన్ని 1960 చట్టమూ నిషేధించింది, నమూనా చట్టమూ నిషేధించింది. చట్టప్రకారం కాకుండా బయటికి గెంటితే ఆరు నెలల్లోగా సివిల్ కోర్టులో దావా వేసి తిరిగి స్వాధీనం పొందే వీలు 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్‌లో ఉంది. ఆ దావాలో ఇల్లు ఎవరి పేరున ఉందన్న ప్రశ్నే రాదు.

ప్రశ్న (తాడేపల్లిగూడెం): కాలేజీ మధ్యలో మూతపడి విద్యార్థులు గదులు వదిలి వెళ్లిపోతే అడ్వాన్సు తిరిగి ఇవ్వాలా?

జవాబు: నిట్ వచ్చాక తాడేపల్లిగూడెంలోనూ, ఉద్యాన విశ్వవిద్యాలయం ఉన్న వెంకట్రామన్నగూడెం పరిసరాల్లోనూ గదుల గిరాకీ పెరిగింది. లిఖిత ఒప్పందం లేని నెలవారీ అద్దెకు ఎవరు వదులుకున్నా 15 రోజుల నోటీసు చాలు. సామాను తీసి తాళంచెవి అప్పగించిన తర్వాతి నెలలకు అద్దె అడగడానికి లేదు. తాళం వేసి సామాను లోపలే ఉంచితే మాత్రం గది వారి అధీనంలో ఉన్నట్టే, అద్దె నడుస్తుంది. బాకీ, నిజంగా జరిగిన నష్టం పోగా మిగిలిన అడ్వాన్సు విద్యార్థిదే.

ప్రశ్న (కైకలూరు): రొయ్య ధర పడిపోయినప్పుడు చెరువు లీజు తగ్గించమని అడగడం న్యాయమేనా?

జవాబు: ఈ సీమలో అసలు పెద్ద అద్దె ఇంటిది కాదు, చెరువుది. ఎకరానికి ఏడాదికింత అని లీజు ముందే కట్టించుకోవడం వాడుక. ఆపైన సీడు, మేత, మందులు, ఏరేటర్లకు కరెంటు, ఇవన్నీ లీజుదారు పెట్టుబడే. మేత చాలాసార్లు డీలరు దగ్గర అప్పు మీద వస్తుంది, పట్టుబడి రోజున డీలరు తన బాకీ ముందు పట్టుకుంటాడు. ధర పడితే భూమి యజమాని లీజు అప్పటికే చేతిలో పడి ఉంటుంది, డీలరు బాకీ వసూలవుతుంది, నష్టమంతా గట్టు మీద కాపలా కాసినవాడికే మిగులుతుంది. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా భారత సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు రొయ్య రైతులు ఈ స్థితిలోనే చిక్కుకున్నారు. శీలావతి, బొచ్చె చేపలు పెంచేవారి సరుకు బెంగాల్, అస్సాం మార్కెట్లకు పోతుంది కనుక ఆ సుంకం దెబ్బ వారికి నేరుగా తగలలేదు. సుంకం పేరు చెప్పి చేపల చెరువు లీజు కూడా తగ్గించమనడం అందుకే నిలబడదు.

తగ్గించమని అడిగే హక్కు చట్టంలో లేదు, ఒప్పందంలో రాసుకుంటే తప్ప. లీజు స్థిరంగా ఉండి ధర మాత్రం ఊగిసలాడే చోట, లాభమొచ్చిన ఏడాది యజమానికి ఎక్కువ ఇవ్వనివాడు నష్టమొచ్చిన ఏడాది తగ్గించమనడం ఏకపక్షమే. రెండు వైపులా కదిలే లీజు ఒక్కటే దీనికి విరుగుడు. సగం ముందు, సగం పట్టుబడి తర్వాత ఇచ్చేలా, ఆ రెండో సగం అప్పటి వంద కౌంటు (కిలోకు వంద తూగే) రొయ్య ధరను బట్టి పెరిగేలా, తగ్గేలా రాసుకోవచ్చు. ఏడాదికి మించిన లీజు రిజిస్టరు చేయించకపోతే షరతులు రుజువు చేసుకోవడానికి ఆ కాగితం కోర్టులో పనికిరాదు. మూడేళ్ల, ఐదేళ్ల లీజులు తెల్లకాగితం మీద రాసుకునే అలవాటు మానుకోవాల్సిందే.

చెరువు ఎక్కడుందన్నది అంతకన్నా ముఖ్యం. 1999లో +5 అడుగుల కాంటూరు దాకా సుమారు 308 చదరపు కిలోమీటర్లను కొల్లేరు అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరిట ఆ హద్దులోని చేపల చెరువుల గట్లను కొట్టేశారు. నిషేధం ఉన్నచోట చెరువుకు రాసుకున్న లీజు కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ కింద చెల్లదు. తెలిసీ ఒప్పుకున్నవారు, గట్లు తెగిన తర్వాత ముందుగా కట్టిన సొమ్ము వాపసు అడిగితే కోర్టు చెవిన పెట్టడం కష్టం. 1970ల్లో జలగం వెంగళరావు ప్రభుత్వం మత్స్యకార సహకార సంఘాలకు చెరువులు కేటాయించింది. తర్వాత వాటిలో చాలా భాగం లీజుల రూపంలో బయటి పెట్టుబడిదారుల చేతికి పోయింది. గట్లు తెగినప్పుడు ఎక్కువగా నష్టపోయింది మాత్రం ఊళ్లో ఉండిపోయినవారే.

ప్రశ్న: పాత బాకీలు ప్రభుత్వమే రద్దు చేసిన సందర్భం ఈ ప్రాంతంలో ఉందా?

జవాబు: ఉంది. 1930లలో ధాన్యం ధర కుప్పకూలాక, రాజాజీ మంత్రివర్గం 1938లో మద్రాసు వ్యవసాయదారుల రుణ ఉపశమన చట్టం చేసింది. ఏలూరు, తాడేపల్లిగూడెం అప్పుడు మద్రాసు రాష్ట్రంలోనివే. 1932 అక్టోబరుకు ముందు చేసిన అప్పులపై 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీని ఆ చట్టం కొట్టేసింది. అసలుకు రెట్టింపు అప్పటికే కట్టినవారికి అప్పే లేకుండా చేసింది. జమీందారీ శిస్తు విషయంలో మరింత ఆలోచించి షరతు పెట్టింది. 1345 ఫసలీ దాకా, అంటే 1935-36 వరకు ఉన్న బకాయిలు పోవాలంటే తర్వాతి ఏళ్ల శిస్తు గడువులోగా కట్టాలి. కొత్త బాకీ పడకుండా చూస్తూ పాత బాకీ వదిలేసే ఈ పద్ధతి ఇంటి అద్దెకైనా, చెరువు లీజుకైనా ఇప్పటికీ పనికొస్తుంది. ఇద్దరూ కూర్చుని రాసుకోవడానికి చట్టం అక్కర్లేదు.

మాటామాటా కుదరనివారికి ఏలూరులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. అక్కడ రాజీ కుదిరి లోక్ అదాలత్‌లో నమోదైతే అది కోర్టు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు ఉండదు. మహిళలు, షెడ్యూల్డు కులాలు, తెగల వారు, వరద బాధితులు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. సహాయ ఫోన్ నంబరు 15100.