కంటి శుక్లము – సూదివైద్యమువలని కీడు



ప్రత్తి నాణెము చూడవలెనన్నను, తూకపుముల్లు కనిపెట్టవలెనన్నను, పద్దు చదివి వ్రాలు చేయవలెనన్నను కన్నే ఆధారము. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములలో ఎండలో పాటుపడిన పెద్దలకు ముదిమిలో చూపు మసకబాఱుట మనమెఱిగినదే. అందుకు ముఖ్యకారణమగు శుక్లమును గూర్చియు, దానికి పూర్వము చేయుచుండిన సూదివైద్యమును గూర్చియు ఈ పాఠమున తెలుపుదుము.

శుక్లమన నేమి?

కంటిపాప వెనుక అద్దమువంటి నిర్మలమైన కటకము కలదు. అది వెలుగును లోపలి తెరపై చేర్చును. వయస్సు ముదిరినకొలది ఆ కటకమే మసకబాఱి తెల్లబడును. ఇది కంటిపై పెరిగిన పొర కాదు. కావున పసరులుగాని, అంజనములుగాని, చుక్కమందులుగాని దీనిని కరిగింపజాలవు.

సూదివైద్యము

సూదితో శుక్లమును తొలగించు విధానము సుశ్రుతసంహితయందే కలదు. నాటికి వేఱు మార్గము లేదు. తరువాత ఊరూర తిరుగు వైద్యులు దీనిని వృత్తిగా చేసికొనిరి. కంట సూది గ్రుచ్చి, కటకమును వెనుకకు పడద్రోయుదురు. అడ్డు తొలగినంతనే రోగికి మనుష్యులు కనబడుదురు. ఇంటివారు సంతోషించి రూకలిత్తురు. వైద్యుడు మఱియొక యూరికి పోవును. కీడు పిదప బయటపడును.

ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలో చేరియుండిన ఆ దినములలో, మద్రాసు ప్రభుత్వ నేత్రవైద్యశాల అధికారిగా నుండిన ఇలియట్ దొర ఇట్టి కండ్లను పెక్కింటిని పరీక్షించి 1917లో ఉపన్యాసములిచ్చెను. మేలుపొందిన కండ్లకంటె చెడినవే హెచ్చని ఆయన చూపెను.

కన్నేల చెడును?

1. శుద్ధిచేయని సూదివలన సూక్ష్మక్రిములు చొచ్చి, కొలది దినములలో లోపల చీము పట్టును. కన్ను పూర్తిగా పోవచ్చును.

2. త్రోయబడిన కటకము బయటికి పోదు, కంటిలోనే పడియుండును. అది పగిలినచో లోపల వాపు, ఎఱ్ఱదనము, నొప్పి కలుగును.

3. కంటిలోని నీరు పోవు దారి మూసికొని ఒత్తిడి హెచ్చును. దీనినే నీటికాసులందురు. దీనివలన చూపునరము చచ్చినచో పోయిన చూపు మరల రాదు.

4. వెనుకటి తెర ఊడిపోవచ్చును.

ఏ కీడును కలుగకున్నను, కటకము లేని కంటికి దళసరి అద్దములు లేక సరియైన చూపుండదు.

నేటి చికిత్స

1747లో ఫ్రాన్సుదేశమున డేవియల్ అను వైద్యుడు శుక్లమును వెలుపలికి తీయు శస్త్రమును ఆరంభించెను. 1949లో లండనులో రిడ్లీ కృత్రిమ కటకమును అమర్చెను. నేడు చిన్న గంటుతో శుక్లమును తీసి కటకము నమర్తురు. పెక్కురు ఆ దినముననే ఇల్లు చేరుదురు. శుక్లము బాగుగ ముదురువఱకు ఆగవలెనను మాట పాతది. 1976లో ఆరంభమైన జాతీయ అంధత్వ నివారణ పథకము క్రింద ప్రభుత్వాసుపత్రులలో ఈ చికిత్స ఉచితము. మన జిల్లాలో కర్నూలునందు ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి కలదు.

మన కర్తవ్యము

సూదివైద్యము మన దేశమున దాదాపు అంతరించినది. కాని ఆసుపత్రికి పోకయే చూపు వచ్చునను ఆశ అంతరింపలేదు. చెట్టుపసరులు, చనుబాలు కంట పోయువారు నేటికిని కలరు. కన్ను ఎఱ్ఱనై నొప్పి పెట్టినను, దీపము చుట్టు రంగులు కనబడినను, చూపు హఠాత్తుగా తగ్గినను ఒక్క దినమైనను జాగుచేయరాదు. పంట అమ్మిన పిదప చూతమనుకొనుట ప్రమాదము. పైరు పోయిన మరుయేడు విత్తుకొనవచ్చును. కన్ను పోయిన విత్తుటకు వేఱొకటి లేదు. కావున ప్రతి సభ్యుడును తన యింటి పెద్దల చూపును నేడే విచారించి, చదువురాని పొరుగువారికి ఈ పాఠమును చదివి వినిపింపవలెనని కోరుచున్నాము.