కస్టర్డ్ అంటే పాల జావే

ఓవెన్ లేని ఇంట్లో, ఒక్క గ్యాస్ పొయ్యి మీద చేసుకోగల తీపి ఒకటి చెబుతాను. కస్టర్డ్, బిస్కెట్లు పొరలు పొరలుగా పేర్చి ఫ్రిజ్‌లో పెట్టేది. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు దీన్ని రెండు మాటలతో పక్కన పెట్టేస్తారు. అందులో గుడ్డు ఉంటుందని ఒకటి, అది దొరల వంట, మనకు చేతకాదని ఇంకొకటి.

మొదట గుడ్డు సంగతి. పాత పద్ధతి కస్టర్డ్‌ను గుడ్డు సొనతోనే చిక్కబరిచేవాళ్ళు. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే మందుల వ్యాపారి భార్యకు గుడ్డు పడేది కాదు. ఆమె కోసం ఆయన 1837లో మొక్కజొన్న పిండితో కస్టర్డ్ తయారుచేశాడు. అంటే ఇంట్లో ఒకరు తినలేకపోతున్నారనే ఈ పొడి పుట్టింది. మా అవ్వ గుడ్డు ముట్టదు. పండగ పూట అందరూ తింటుంటే ఆమె ఒక్కతే ఊరికే కూర్చునేది. ఈ కథ, ప్యాకెట్ మీది ఆకుపచ్చ గుర్తు రెండూ చూపించాకే గిన్నె అందుకుంది. బిస్కెట్ ప్యాకెట్ మీద కూడా ఆ గుర్తు చూసుకోండి. గుడ్డు కలిసిన దానికి ఆ గుర్తు వేయకూడదు.

ఇక చేతకాదనే మాట. రాగిజావ కాచే వాళ్ళెవరూ పొడి పిండిని మరిగే నీళ్ళలో పోయరు. ముందు చన్నీళ్ళలో కలుపుకుంటారు. వేడి తగలగానే పిండి పైభాగం ఉబ్బి జిగురవుతుంది, లోపలి పిండి పొడిగానే మిగిలిపోతుంది. ఉండ కట్టడమంటే అదే. చల్లటి పాలలో కలిపితే పిండి రేణువులు విడివిడిగా ఉండి, వేడెక్కినప్పుడు అన్నీ సమంగా ఉబ్బుతాయి. జావ కాచిన చేతికి కస్టర్డ్ కొత్తేమీ కాదు.

కావలసినవి: పాలు అర లీటరు, కస్టర్డ్ పొడి 3 పెద్ద చెంచాలు, చక్కెర 4 పెద్ద చెంచాలు, మారీ బిస్కెట్లు సుమారు 20, అరటిపండ్లు 2.

చేసే విధానం:

1. పాలలో నుంచి చిన్న గ్లాసెడు చల్లగా ఉన్నప్పుడే తీసి, పొడిని ఉండల్లేకుండా కలపండి.

2. మిగతా పాలు చక్కెర వేసి మరగనివ్వండి. మంట తగ్గించి, కలిపిన పొడిని సన్నటి ధారగా పోస్తూ గరిటె ఆపకుండా తిప్పండి. బుడగలు వచ్చాక ఇంకో రెండు నిమిషాలు ఉడకనిస్తే పచ్చి వాసన పోతుంది.

3. పలుచగా ఉందని ఇంకా పొడి వేయొద్దు. చల్లారే కొద్దీ అదే గట్టిపడుతుంది. మీగడ కట్టకుండా అప్పుడప్పుడు తిప్పుతూ గోరువెచ్చగా అయ్యేదాకా ఆగండి.

4. వెడల్పాటి గిన్నెలో ఒక వరస బిస్కెట్లు, పైన కస్టర్డ్, దాని మీద అరటి ముక్కలు. ఇలాగే మళ్ళీ మళ్ళీ. చివరి పొర కస్టర్డే కావాలి. గాలి తగలకపోతే అరటి ముక్కలు అంత తొందరగా నల్లబడవు.

5. మూత పెట్టి నాలుగు గంటలు ఫ్రిజ్‌లో ఉంచండి. బిస్కెట్ ముందే కాలి వచ్చింది కాబట్టి మళ్ళీ కాల్చే పని లేదు. కస్టర్డ్‌లోని తడి పీల్చుకుని కేకులాగా మెత్తబడుతుంది. మన వేలూరు ఎండకు పాల వంట బయట ఉంచితే పులిసిపోతుంది, తీసిన వెంటనే తినేయాలి.

ఇదంతా తెలుగులో రాయడానికి కారణం ఉంది. కనియంబాడి వైపు మనలాంటి ఇళ్ళలో మాట తెలుగు, బడి చదువు తమిళం, ప్యాకెట్ మీది అక్షరాలేమో ఇంగ్లీషు. వంట బాగా తెలిసిన పెద్దవాళ్ళకే ఆ ప్యాకెట్ ఏం చెబుతోందో అందడం లేదు. కలపడం, పోయడం, తిప్పడం, చల్లార్చడం అనే నాలుగు మాటలు వాళ్ళకు మనకన్నా బాగా తెలుసు. ఈ సెలవులకు ఊరికి వెళ్ళినప్పుడు ఇది పైకి చదివి వినిపించండి, గరిటె మాత్రం వాళ్ళ చేతికే ఇవ్వండి.