మూల కుదిరితేనే కోర్టు

ఒక సంక్రాంతికి మా ఊరి కుర్రాళ్లం అడుగులతో కొలిచి వాలీబాల్ కోర్టు గీశాం. పొడవు సరిపోయింది, వెడల్పూ సరిపోయింది. తీరా ఆట మొదలయ్యాక చూస్తే కోర్టు ఒక పక్కకి ఒరిగిపోయి ఉంది. నాలుగు గీతలూ కొలిచాం గానీ నాలుగు మూలల సంగతి మరిచాం. ఆ తప్పు జరక్కుండా గీసే పద్ధతి ఇది. ఇద్దరు మనుషులు, ఒక పూట చాలు.

కావలసినవి: 30 మీటర్ల టేపులు రెండు, పురికొస ఉండ, ఇనుప మేకులు ఆరు, సుత్తి, ముగ్గుపిండి, పొడవాటి చెక్కపట్టీలు రెండు. సున్నం వద్దు. డైవ్ కొట్టినవాడి చెమట ఒంటికి అంటితే మండుతుంది, కంట్లో పడితే ప్రమాదం.

1. చోటు

కోర్టు 18 × 9 మీటర్లే. చుట్టూ కనీసం 3 మీటర్లు ఖాళీ ఉండాలి గనక 24 × 15 మీటర్ల చోటు చూసుకోవాలి. పైన 7 మీటర్ల వరకు కొమ్మా తీగా అడ్డు రాకూడదు. పొడవు ఉత్తర దక్షిణాలుగా పెడితే ఉదయం, సాయంత్రం ఎండ కళ్లలో కొట్టదు. వాన నీరు జారడానికి మీటరుకి 5 మిల్లీమీటర్ల వాటం ఉండొచ్చు.

2. నడి గీత

కోర్టు నడుమ తూర్పు పడమరలుగా పురికొస బిగించండి. దాని మీద సరిగ్గా 9 మీటర్ల ఎడంలో రెండు మేకులు దిగ్గొట్టండి. ఇకపై ప్రతి కొలతా ఇక్కణ్ణుంచే. నెట్ స్తంభాలు ఇదే వరుసలో, సైడ్ లైన్‌కి బయట అర మీటరు నుంచి మీటరు దూరంలో పాతాలి.

3. మూలలు

అసలు పని ఇదే. ఒక టేపు మొదటి మేకుకి, రెండోది రెండో మేకుకి తగిలించండి. మొదటి టేపు 9 మీటర్ల దగ్గర, రెండోది 12.73 మీటర్ల దగ్గర పట్టుకుని రెండూ బిగుతుగా లాగండి. అవి కలిసిన చోటే మూల. అక్కడ మేకు కొట్టండి. ఇలాగే మిగతా మూడూ. ఇప్పుడు మొత్తం కోర్టుకి ఐమూలగా కొలవండి. రెండు వైపులా 20.12 మీటర్లు వస్తే మూలలు కుదిరినట్టు. తేడా వస్తే ముగ్గు పొయ్యకండి, మేకు జరపండి.

4. గీతలు

మేకుల చుట్టూ పురికొస కట్టండి. గీత వెడల్పు 5 సెంటీమీటర్లు, అది కోర్టులో భాగం. కాబట్టి ముగ్గు పురికొసకి లోపలి వైపే పడాలి. చెక్కపట్టీలు 5 సెంటీమీటర్ల ఎడంగా పరిచి, మధ్యలో పిండి జల్లి, నెమ్మదిగా పైకెత్తండి. అంచు కత్తితో కోసినట్టు వస్తుంది. సెంటర్ లైన్‌కి మాత్రం పురికొసకి అటు రెండున్నర, ఇటు రెండున్నర సెంటీమీటర్లు. ఇటుకలు పాతి గీత చెయ్యడం నిషేధం, కాలు చీరుకుపోతుంది.

5. ఎటాక్ లైన్, సర్వీస్ జోన్

నడి పురికొస నుంచి 3 మీటర్లకి ఎటాక్ లైన్ వెనక అంచు రావాలి, అంటే ముగ్గు నెట్ వైపు పడాలి. సర్వీస్ జోన్‌కి ఎండ్ లైన్ వెనక 20 సెంటీమీటర్లు వదిలి, సైడ్ లైన్ల వరుసలోనే 15 సెంటీమీటర్ల చిన్న గీతలు రెండు. మేకులన్నీ ఇప్పుడే పీకెయ్యండి.

6. నెట్

మగవాళ్లకి 2.43 మీటర్లు, ఆడవాళ్లకి 2.24. ఎత్తు కొలవాల్సింది స్తంభం దగ్గర కాదు, నెట్ నడుమ. సైడ్ లైన్ల మీద రెండు కొసలూ ఒకే ఎత్తులో ఉండాలి, నిర్ణీత ఎత్తుకి 2 సెంటీమీటర్లు మించకూడదు. నడుమ బాగా జారితే తాడు మళ్లీ బిగించాల్సిందే. సైడ్ లైన్లకి నేరుగా నిలబెట్టే యాంటెన్నా పొడవు 1.8 మీటర్లు, అందులో నెట్ పైకి కనిపించేది 80 సెంటీమీటర్లు.

బంతి గీతని తాకినా ‘ఇన్’ కిందే లెక్క. రెండు జట్లూ పోట్లాడుకుంటుంటే, గీత మీద చెదిరిన ముగ్గూ బంతికి అంటిన తెల్లమచ్చా సాక్ష్యం చెబుతాయి. ఆ గీత పురికొసకి బయట పడి ఉంటే మాత్రం అది దొంగ సాక్ష్యమే.