గడువు దాటితే అగ్రిమెంటు గతేమిటి చెల్లీ?

"అక్కా, స్థలానికి బయానా ఇచ్చి మూడు నెలల్లో రిజిస్ట్రేషన్ అని రాసుకున్నాం. బ్యాంకు లోను ఆలస్యమై తేదీ దాటిపోయింది. ఇప్పుడు అమ్మేవాళ్లు మీ గడువు అయిపోయింది, ఆ కాగితం చెల్లదంటున్నారు. మా డబ్బు పోయినట్టేనా?" ఈ బెంగ మన ఇళ్లలో ఎక్కడో ఒకచోట వినబడుతూనే ఉంటుంది. ఆ బయానా వెనక చాలాసార్లు ఆడపిల్ల తాకట్టు పెట్టిన గాజులుంటాయి. అందుకే ఈ సంగతి ఇవాళ తీరిగ్గా మాట్లాడుకుందాం.

ముందు కాస్త కుదుటపడు తల్లీ. తేదీ దాటినంత మాత్రాన భూమి అగ్రిమెంటు దానంతటదే చచ్చిపోదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 55వ సెక్షన్ ఉంది. గడువే ప్రాణమని ఇద్దరూ అనుకుని రాసుకున్న ఒప్పందమైతే, గడువు తప్పినప్పుడు అవతలివాళ్లు దాన్ని రద్దు చేసుకోవచ్చు. అలా అనుకోని ఒప్పందమైతే రద్దు కుదరదు, ఆలస్యం వల్ల జరిగిన నష్టం మాత్రమే అడగాలి. ఇళ్లూ పొలాల అమ్మకాల్లో మామూలుగా గడువును ప్రాణంగా చూడరాదని మన కోర్టులు ఎప్పటినుంచో చెబుతున్నాయి. 1992 డిసెంబరులో సుప్రీంకోర్టులో అయిదుగురు జడ్జీల ధర్మాసనం కూడా ఆ మాటే చెప్పింది.

అయితే ఆ కేసులోనే కొనుక్కునే ఆవిడ ఓడిపోయింది! అది ఢిల్లీ ఇంటి బేరం. మొత్తం 1,78,000 రూపాయలు. 30,000 ముందే ఇచ్చింది. 98,000 పది రోజుల్లోగా మాత్రమే ఇవ్వాలని, మిగతా 50,000 రిజిస్ట్రేషన్ నాడు ఇవ్వాలని కాగితంలో ఉంది. ఆవిడేమో ఇన్‌కం టాక్స్ క్లియరెన్స్ తెస్తేనే, ఇంట్లో కొంత భాగం ఖాళీ చేసి అప్పగిస్తేనే ఆ 98,000 ఇస్తానని కూర్చుంది. ఆ వాయిదాకు అలాంటి షరతేదీ కాగితంలో లేదు. పది రోజుల్లోగా మాత్రమే అని అంత గట్టిగా రాసుకున్నారంటే ఆ గడువుకు విలువ ఇవ్వాల్సిందేనని కోర్టు తేల్చింది. కాబట్టి నీ అగ్రిమెంటు తీసి, చివరి తేదీ ఒక్కటే కాదు, వాయిదాలు రాసిన ప్రతి వాక్యం ఒకటికి రెండుసార్లు చదువుకో.

దీనికంటే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మదురై ఇంటి కేసు. 1978లో 60,000కు బేరం కుదిరింది, అడ్వాన్సు 5,000. ఆరు నెలల్లో మిగతా డబ్బు ఇచ్చి రాయించుకోవాలి. కొనే మనిషి దాదాపు రెండున్నరేళ్లు ఉలుకూ పలుకూ లేకుండా ఉండిపోయి, ఇంటి ధర మూడింతలయ్యాక నోటీసు ఇచ్చాడు. 1997లో సుప్రీంకోర్టు ఆయనకు ఇల్లు ఇప్పించలేదు. పట్నాల్లో ధరలు పెరిగిపోతున్న కాలంలో, గడువు ప్రాణం కాదు కదా అని రాసుకున్న తేదీలను గాలికొదిలేయడం కుదరదని స్పష్టంగా చెప్పింది. ఆ తీర్పు న్యాయమైనదేననిపిస్తుంది నాకు. గుప్పెడు బయానా చేతిలో పెట్టి ఇంకొకరి ఆస్తిని ఏళ్ల తరబడి కదలకుండా కట్టేసే హక్కు ఎవరికుంది?

అంటే కోర్టు చూసేది క్యాలెండర్ ఒక్కటే కాదు. ఆ తేదీకి ముందూ తర్వాతా నువ్వేం చేశావన్నది చూస్తుంది. 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 16వ సెక్షన్ ప్రకారం, మొదటినుంచీ నువ్వు కొనడానికి సిద్ధంగానూ ఇష్టంగానూ ఉన్నావని రుజువు చేసుకోవాలి. సిద్ధం అంటే డబ్బు సమకూర్చుకోగల స్తోమత. ఇష్టం అంటే నీ నడవడిక, తిరిగి అడిగావా లేదా అన్నది. నోట్ల కట్టలు మోసుకెళ్లి చూపించక్కర్లేదు, కోర్టు కట్టమన్నప్పుడు కడితే చాలు. కానీ లోను మంజూరైన కాగితం, బ్యాంకు స్టేట్‌మెంటు, ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదు లాంటివి పదిలంగా ఉంచుకోవాలి. 2018 సవరణ వచ్చాక, మిగతా షరతులన్నీ సరిపోతే ఒప్పందాన్ని అమలు చేయించాల్సిందే తప్ప జడ్జిగారి విచక్షణకు వదల్లేదు. అందుకే పోరంతా ఈ రుజువు దగ్గరే నడుస్తుంది.

ఆలస్యం ఎవరిది అన్నదీ చూడాలి. సర్వే చేయించి హద్దులు చూపిస్తామన్నారు, చూపించలేదు. బ్యాంకు తాకట్టు విడిపిస్తామన్నారు, విడిపించలేదు. ఆడపడుచు సంతకం పెట్టిస్తామన్నారు, ఆవిడ రాలేదు. వాళ్లు ముందు చేయాల్సిన పని చేయకుండా గడువు దాటిందని నీమీద నెట్టడం చెల్లదు. కాకపోతే ఆ సంగతి నోటిమాటగా వదిలెయ్యకు. గడువు ఇంకా ఉండగానే లాయరు చేత స్పీడ్ పోస్టులో నోటీసు ఇప్పించు. బంధువులు కదా, నోటీసిస్తే బాధపడతారేమో అని మొహమాటపడ్డ ఇళ్లే ఎక్కువ నష్టపోతున్నాయి. గడువు దాటాక వాళ్లు ఇంకో లక్ష తీసుకున్నారా? అదే అగ్రిమెంటు వెనక తేదీ వేయించి, గడువు పొడిగించినట్టు రాయించి, సంతకం పెట్టించు. తీసుకున్న డబ్బు జేబులో వేసుకుని గడువు పోయిందనడం వాళ్లకు కష్టమవుతుంది.

అమ్ముకునే చెల్లెళ్లకూ ఒక మాట. కూతురి పెళ్లికో భర్త ఆపరేషన్‌కో ఎకరం అమ్ముతున్నావనుకో, ఆ అవసరం, అది ఏ తేదీకో అగ్రిమెంటులోనే రాయించు. గడువే ముఖ్యం అని ఒక ముక్క రాసి, కిందనే ఆలస్యమైతే వడ్డీ ఇస్తాం అని ఇంకో ముక్క రాస్తే మొదటిదాని బలం తగ్గిపోతుంది. అలాంటి మాటేదీ రాయకపోయినా దారి ఉంది. కొనేవాళ్లు సాగదీస్తుంటే, ఫలానా తేదీలోగా డబ్బు కట్టకపోతే రద్దు చేసుకుంటానని సబబైన వ్యవధి ఇచ్చి నోటీసు పంపవచ్చు.

ఇక ఎవరూ సడలించలేని గడువు ఒకటుంది. దావా వేయడానికి మూడేళ్లే. కాగితంలో తేదీ ఉంటే ఆ తేదీ నుంచి, లేకపోతే అమ్మనంటున్నారని నీకు తెలిసిన రోజు నుంచి లెక్క. ఆరోగ్యం బాగాలేదనో ఊళ్లో లేననో చెప్పుకున్నా అది దాటాక దావా నిలవదు. ఇవాళ రేపు అంటూ తిప్పుకునేవాళ్ల మాటల్లో పడి ఈ మూడేళ్లు కరిగిపోతే మాత్రం నాకు నిజంగా కడుపు తరుక్కుపోతుంది.

ఈలోగా వాళ్లు వేరేవాళ్లకు అమ్మేస్తే? అగ్రిమెంటు వల్ల భూమి మీద హక్కు రాదు, రాయించుకునే హక్కే వస్తుంది. నీ సంగతి తెలియక డబ్బు పోసి కొన్నవాళ్ల మీద కోర్టు కూడా నీకు భూమి ఇప్పించలేదు. అగ్రిమెంటు రిజిస్టర్ చేయిస్తే ఈసీలో (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో) కనబడుతుంది, అప్పుడు మాకు తెలియదని అనలేరు. దావా వేసేటప్పుడు, భూమి ఇప్పించలేకపోతే అడ్వాన్సయినా వడ్డీతో తిరిగి ఇప్పించమని అర్జీలో విడిగా అడగమని మీ లాయరుకు గుర్తుచెయ్యి. అడగని డబ్బును స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 22వ సెక్షన్ కింద కోర్టు ఇవ్వదు. మొదట మర్చిపోయినా, కేసు నడుస్తుండగా సవరణ వేసి ఆ కోరిక చేర్చుకోవచ్చు.