చుట్టరికం కాదు, చిట్టా చూడండి

కోవిల్‌పట్టి, సాత్తూరు, విరుదునగర్ దారిలో ఏ తెలుగింట్లోనైనా పిల్లల్ని విదేశానికి చదువుకు పంపే మాట వస్తే, ఏజెన్సీ గురించి పెద్దలు ముందుగా అడిగేది ఒకటే: "ఎవరు వాళ్లు? మనవాళ్లేనా?" ఆ ప్రశ్నను నేను తక్కువ చేయను. తెలుగు నేల వదిలి వచ్చి ఈ నల్లరేగడిలో నిలదొక్కుకున్న కుటుంబాలకు మొదటి ఆసరా మనవాళ్లే. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైచెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ ‘గోపల్ల గ్రామం’ నవలగా రాసింది ఆ వలస కథనే. కానీ ఏజెన్సీని ఎంచుకునేటప్పుడు ఈ ఒక్క ప్రశ్నతో ఆగితే నష్టపోతాం. విదేశీ చదువుల్లో తెలుగు పిల్లల్ని ఘోరంగా దెబ్బతీసిన రెండు సంఘటనల్లోనూ వాళ్లను తీసుకెళ్లి చేర్పించినవాళ్లలో మనవాళ్లే ఉన్నారు.

మొదటిది ట్రై వ్యాలీ యూనివర్సిటీ. కాలిఫోర్నియాలోని ప్లెజెంటన్‌లో ఉండేది. 2011 జనవరిలో అమెరికా ఫెడరల్ అధికారులు దాడి చేసి మూయించేనాటికి అక్కడ సుమారు 1,500 మంది పేర్లున్నాయి. అత్యధికులు భారతీయులు, వాళ్లలో ఎక్కువమంది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పిల్లలు. సగానికి పైగా విద్యార్థులు సన్నీవేల్‌లోని ఒకే అపార్ట్‌మెంటులో ఉంటున్నట్టు రికార్డుల్లో రాసి ఉంది. కొత్త విద్యార్థిని తెచ్చిన పాత విద్యార్థికి ఆ ఫీజులో 20 శాతం దాకా ముట్టేదని దర్యాప్తు పత్రాలు చెప్పాయి. "రారా తమ్ముడూ, నేనున్నాను కదా" అని సీనియర్ పిలిచిన పిలుపులో ఆ 20 శాతం కూడా ఉంది. తర్వాత కొందరు పిల్లల కాళ్లకు రేడియో కాలర్లు తగిలించారు. యజమానురాలికి 2014లో 16 ఏళ్లకు పైగా జైలు శిక్ష పడింది.

రెండోది ఇంకా పెద్ద పాఠం. మిషిగన్‌లో ‘యూనివర్సిటీ ఆఫ్ ఫార్మింగ్టన్’ పేరుతో ఒక సంస్థ నడిచింది. పాఠం చెప్పే మాస్టారు లేరు, తరగతి లేదు. దాన్ని నడిపింది అమెరికా హోంల్యాండ్ సెక్యూరిటీ వారి మారువేషపు అధికారులు. 2019 జనవరిలో అది బయటపడేనాటికి చేరినవాళ్లు సుమారు 600 మంది, వాళ్లలోనూ తెలుగువాళ్లే ఎక్కువ. చేర్పించినందుకు కేసుల్లో ఇరుక్కున్న 8 మందీ భారతీయులే. చదువు లేదని తెలిసే చేరారని ప్రభుత్వం అంటుంది, మమ్మల్ని మోసం చేశారని విద్యార్థులు అంటారు. ప్రభుత్వమే వల పన్ని ఫీజులు వసూలు చేయడం నాకు న్యాయంగా తోచదు. ఆ విద్యార్థుల తరఫున వేసిన దావాను కింది కోర్టు కొట్టేస్తే, 2024లో అప్పీలు కోర్టు దాన్ని మళ్లీ బతికించింది కూడా. అయితే మనం పట్టుకోవలసిన విషయం వేరే ఉంది. విదేశీ విద్యార్థుల్ని చేర్చుకునే కాలేజీల ప్రభుత్వ జాబితాలో ఫార్మింగ్టన్ పేరు ఉంది. జాబితా చూసి తృప్తిపడినవాళ్లు కూడా మునిగారు. "ఏ సబ్జెక్టు ఎవరు చెబుతారు? వారానికి ఎన్ని క్లాసులు?" అని గట్టిగా అడిగి, జవాబు రాకపోతే వెనక్కి తగ్గినవాళ్లే ఒడ్డున ఉన్నారు.

మన దేశంలో 1983 నాటి వలస చట్టం ఉద్యోగాలకు మనుషుల్ని పంపే ఏజెంట్లకు లైసెన్సు తప్పనిసరి చేసింది. చదువుకు పంపేవాళ్లు దాని పరిధిలోకి రారు. కనుక గోడ మీది బోర్డు, ఏసీ గది, అమెరికా జెండా చూసి నమ్మకం పెంచుకోకండి. ఆ గదిలో కూర్చోగానే మన పిల్లల గొంతు తగ్గిపోతుంది. ఇంట్లో మొదటిసారి కాలేజీ చదివిన పిల్లలకు, అగ్గిపెట్టెల కంపెనీలో, మిల్లులో కష్టపడి వాళ్లను ఇంజనీరింగ్ దాకా తెచ్చిన తల్లిదండ్రులకు ఇంగ్లీషులో గడగడా మాట్లాడే మనిషి ముందు ప్రశ్న అడగడానికి మొహమాటం. దాన్ని ఇంటి దగ్గరే వదిలేసి వెళ్లండి. ప్రశ్నలు కాగితం మీద రాసుకోండి. తెలుగులో అడగండి, తమిళంలో అడగండి. జవాబు మాత్రం రాతపూర్వకంగా, ఏజెన్సీ మెయిల్ నుంచి రావాలి.

అడగవలసిన మొదటి ప్రశ్న: "మీకు డబ్బు ఎవరిస్తారు?" "మీ దగ్గర రూపాయి తీసుకోం" అనే ఏజెన్సీకి కాలేజీ కమిషన్ ఇస్తుంది. అందులో తప్పేమీ లేదు, అది వాళ్ల వ్యాపారం. కాకపోతే కమిషన్ ఇచ్చే కాలేజీలే వాళ్ల బల్ల మీద ఉంటాయి. జర్మనీ ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలావాటికి ట్యూషన్ ఫీజే లేదు. ఫీజే లేని చోట ఏజెంటుకు వచ్చేదేముంటుంది? అందుకే ఆ పేర్లు మీరు అడిగితే తప్ప బల్ల మీదికి రావు. "నా మార్కులకు, మా నాన్న పెట్టగలిగే డబ్బుకు సరిపోయే కాలేజీల్లో మీకు కమిషన్ రానిది ఒక్కటి చెప్పండి" అని అడిగి చూడండి. ఆలోచించి ఒక పేరు చెప్పినవాడితో ఇంకో గంట మాట్లాడవచ్చు. మాట మార్చినవాడికి నమస్కారం పెట్టి లేవండి. "ఈ ఏడాది వెళ్లకు, ఇంకొంచెం సిద్ధమై వచ్చే ఏడాది వెళ్లు" అని చెప్పగలిగిన ఏజెంటు దొరికితే ఆయన్ను వదలకండి.

అసలు ఏజెన్సీ మెట్లెక్కే ముందు మీ పని కొంత మీరు చేసి ఉండాలి. కడలై మిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న ఊరు కోవిల్‌పట్టి. అసలుకూ నకిలీకీ తేడా చెప్పే ముద్ర విలువ ఈ ఊరికి చెప్పనక్కర్లేదు. కాలేజీలకూ అలాంటి ముద్రలున్నాయి. ఆస్ట్రేలియాలో క్రికోస్ రిజిస్టరు, కెనడాలో డీఎల్ఐ నంబరు, బ్రిటన్‌లో లైసెన్సు ఉన్న స్పాన్సర్ల జాబితా, అమెరికాలో సెవిప్ జాబితా (ఫార్మింగ్టన్ పేరున్న ప్రభుత్వ జాబితా ఇదే), దానితో పాటు గుర్తింపు పొందిన అక్రెడిటేషన్. ఇవన్నీ ఫోన్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఆస్ట్రేలియా కాలేజీలైతే తమ ఏజెంట్ల పేర్లను వెబ్‌సైటులోనే పెట్టాలి. మీ ఏజెన్సీ పేరు అందులో లేకపోతే ఎందుకు లేదో కాలేజీకే మెయిల్ పెట్టండి. అమెరికా చదువుల గురించి చెన్నైలోని యూఎస్ఐఈఎఫ్, జర్మనీ గురించి డాడ్ అనే సంస్థలు సమాచారం ఇస్తాయి. వాళ్లకు మీ చేరిక మీద కమిషన్ అక్కర్లేదు.

ముద్ర ఒక్కటే చాలదని ఫార్మింగ్టన్ చెప్పింది కనుక, అదే కోర్సు చదువుతున్న ఇద్దరు ముగ్గురితో మాట్లాడండి. ఏజెన్సీ ఇచ్చిన నంబర్లకు కాక, మీరు వెతికి పట్టుకున్నవాళ్లకు ఫోన్ చేయండి. కోవిల్‌పట్టి, విరుదునగర్ ఇంజనీరింగ్ కాలేజీల పూర్వ విద్యార్థులు బయటి దేశాల్లో ఉన్నారు. కాలేజీలో అడిగితే దారి దొరుకుతుంది.

ఇక కాగితాలు. చాలాచోట్ల జరిగే పని ఒకటుంది: మీ పేరుతో ఏజెన్సీయే ఒక ఇమెయిల్ తెరిచి, పాస్‌వర్డ్ తన దగ్గర పెట్టుకుంటుంది. కాలేజీ ఏం రాసిందో మీకు తెలియదు, మీ తరఫున ఏం వెళ్లిందో అంతకంటే తెలియదు. దీనికి ఎట్టి పరిస్థితిలోనూ ఒప్పుకోవద్దు. 2023లో కెనడాలో బయటపడిన మోసం ఇలాంటి చీకట్లోనే పెరిగింది. ఏజెంటు చేతికిచ్చిన అడ్మిషన్ లెటర్లు నకిలీవని, కొన్నేళ్లు అక్కడ చదివి, పని చేసుకుంటున్న విద్యార్థులకు దేశం వదలమని నోటీసులు వచ్చాకే తెలిసింది. ఆ ఏజెంటుకు కెనడా కోర్టు 2024లో 3 ఏళ్ల శిక్ష వేసింది. 2023 డిసెంబరు నుంచి ప్రతి లెటర్‌నూ ఆ దేశం కాలేజీతోనే సరిచూసుకుంటోంది. ఆ పని మీరూ చేయవచ్చు, ఒక్క మెయిల్ చాలు.

డబ్బు విషయంలోనూ అంతే. ఫీజు మీ బ్యాంకు నుంచి నేరుగా యూనివర్సిటీ ఖాతాకు వెళ్లాలి. అక్కడి ఖర్చులకు డబ్బుందని జర్మనీకి చూపించే బ్లాక్డ్ అకౌంట్, కెనడాకు చేసే జీఐసీ డిపాజిట్ విద్యార్థి పేరు మీదే ఉంటాయి. "మా ఖాతాలో వేయండి, మేం పంపిస్తాం" అంటే ఆ సంభాషణ అక్కడితో ముగించండి. బ్యాంకు బ్యాలెన్సు లేకపోయినా చూపిస్తామనేవాళ్లు, అనుభవం సర్టిఫికెట్టు పుట్టిస్తామనేవాళ్లు మరీ ప్రమాదం. అబద్ధం బయటపడితే కెనడా 5 ఏళ్లు, బ్రిటన్ 10 ఏళ్లు గడప తొక్కనివ్వవు. అమెరికా నిషేధం జీవితాంతం. ఆ శిక్ష ఏజెంటుకు పడదు, సంతకం పెట్టిన మీకు పడుతుంది.

వైద్యవిద్యకు వెళ్లేవాళ్లకు ఒక మాట. నీట్ అర్హత లేకుండా పంపిస్తామనేవాడి దగ్గర ఒక్క నిమిషం కూర్చోకండి. మన దేశపు 2021 నవంబరు నిబంధనల ప్రకారం కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి, ఇంగ్లీషులో బోధించాలి, అక్కడే 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి, ఆ దేశంలో డాక్టరుగా నమోదయ్యే అర్హత రావాలి. ఒక్కటి తప్పినా తిరిగొచ్చాక ఇక్కడ డాక్టరుగా నమోదు కావడానికి రాయవలసిన పరీక్షకు దారి మూసుకుపోతుంది. ఆ పరీక్ష కూడా తేలికైనది కాదు: 2024 జూన్ సెషన్‌లో గట్టెక్కింది రాసిన 5 మందిలో సుమారు ఒకరే.

"ఈ రోజే అడ్వాన్సు కడితే డిస్కౌంటు" అన్నప్పుడు చెప్పవలసిన వాక్యం ముందే సాధన చేసుకోండి: "ఇంట్లో ఆలోచించి రేపు చెప్తాను సార్." మనవాళ్ల దగ్గర ఇన్ని ప్రశ్నలా, ఇన్ని లెక్కలా అనిపిస్తే ఒక పాత సంగతి గుర్తు చేసుకోండి. విరుదునగర్ నాడార్ వర్తకులు తమ వ్యాపారంలోంచి ఉమ్మడిగా వాటా తీసి 1889లో క్షత్రియ విద్యాశాల పెట్టారు. కామరాజ్ చదివిన బడి అది. అంతా ఒక్క కులంవాళ్లే, ఒక్క ఊరివాళ్లే. అయినా ఉమ్మడి డబ్బుకు లెక్క రాయడం మానలేదు. లెక్క అడిగితే మనవాళ్లకు కోపం వస్తుందేమోనని భయపడకండి. నిజంగా మేలు కోరేవాడు చిట్టా విప్పి చూపిస్తాడు.

డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్న అన్నలకూ అక్కలకూ ఒక విన్నపం. మన ఊరి తమ్ముడో చెల్లెలో ఫోన్ చేసి "మీ కాలేజీ ఎలా ఉంది?" అని అడిగితే, రెఫరల్ డబ్బు వస్తుందా రాదా అన్నది పక్కన పెట్టి, క్లాసులు ఎలా జరుగుతున్నాయో, ఉద్యోగాలు ఎంతమందికి వచ్చాయో, నెలకు ఖర్చు ఎంతవుతుందో ఉన్నదున్నట్టు చెప్పండి.