ఇంటికి వెచ్చదనం కావాలి, కుంపటి మాత్రం గదిలో వద్దు

చలికాలం వచ్చింది. 1946 జనవరిలో మన హైదరాబాదులోనే ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలకు దిగింది. ఆదిలాబాదు పల్లెల్లో, విశాఖ మన్యంలోని లంబసింగిలో చలి ఇంకా తీవ్రంగా ఉంటుంది. అమీర్‌పేట హాస్టళ్ళలో ఉండే విద్యార్థులు, పంజాగుట్ట అపార్టుమెంట్ల వాచ్‌మన్ కుటుంబాలు, కట్టడాల పనివారు చాలామంది పల్లెల నుండి వచ్చినవారే. వీరు క్రిస్మస్‌కు ఊరు వెళ్ళేటప్పుడు ఈ పాఠాన్ని తమ ఇళ్ళకు తీసుకువెళ్ళాలని మా కోరిక.

పొగ లేని నిప్పు ఎందుకు ప్రమాదం?

బొగ్గుల కుంపటిని బయట రాజేసి, పొగ తగ్గాక గదిలోకి తెచ్చి తలుపు వేసుకోవడం మనకు అలవాటు. పొగ పోయింది కాబట్టి ప్రమాదం లేదనుకుంటాం. కాని ఎర్రగా కాలే బొగ్గుల నుండి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వస్తూనే ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. నిద్రలో ఉన్నవారు మెలకువ రాకుండానే స్పృహ కోల్పోతారు. గర్భిణి పీల్చితే కడుపులోని బిడ్డకు మరింత హాని.

యోహాను సువార్త 18వ అధ్యాయంలో పేతురు, బంట్రౌతులు చలి కాచుకున్నది ఇంటి ముంగిట. నిప్పుకు తగిన చోటు అదే.

ఇంట్లో మనమే చేసుకోగల ఏర్పాటు

వెచ్చదనం కోసం నిప్పు పెంచనక్కరలేదు, ఉన్న వేడిని పోనీయకుండా నిలుపుకుంటే చాలు.

1. పొగగొట్టం ఉన్న పొయ్యి: హైదరాబాదు ఇంజనీరింగ్ పరిశోధనాలయంలో డాక్టర్ ఎస్.పి. రాజు గారు 1950ల్లో పల్లె వంటిళ్ళ కోసం పొగగొట్టంతో మట్టిపొయ్యిని రూపొందించారు. ఆ విషయంపై ఆయన రాసిన ఇంగ్లీషు పుస్తకాన్ని మద్రాసు క్రిస్టియన్ లిటరేచర్ సొసైటీ ప్రచురించింది. అటువంటి పొయ్యిని బంకమట్టి, ఊక, పేడ కలిపి గోడకు ఆనించి కట్టుకోవచ్చు. ముందు వంటగిన్నె, వెనుక నీళ్ళ కుండ పట్టేలా ఉండాలి. పొగగొట్టాన్ని గోడలో నుండి బయటకు తీసి, ఇంటికప్పు కంటే రెండు అడుగులు ఎత్తుకు లేపాలి. అది గడ్డికప్పుకు తగలకూడదు. నెలకోసారి మసి దులపాలి. మందమైన మట్టి, మంట ఆరాక కూడా చాలాసేపు వేడిగా ఉంటుంది.

2. వేడినీళ్ళు: వెనుక కుండలోని నీళ్ళను రబ్బరు సంచిలో పోసి, మూత బిగించి, మందపాటి గుడ్డ చుట్టి పడుకునే ముందు పక్కలో పెట్టండి.

3. పడక: నేల మీద నాలుగు వేళ్ళ మందాన ఎండుగడ్డి పరచి, దానిపై గోనెసంచులు, చాప వేయండి. పొయ్యి దగ్గర మాత్రం గడ్డి వద్దు.

4. చలిగాలి: తలుపు కింద సందును గుడ్డతో మూయండి. పైన ఒక కిటికీ మాత్రం కొద్దిగా తెరచి ఉండాలి. పడుకునే ముందు పొయ్యిలోని నిప్పులు పూర్తిగా ఆర్పండి.

బాలింత, పసిబిడ్డ

బాలింత మంచం కింద కుంపటి పెట్టవద్దు. బిడ్డను తల్లి రొమ్ముపై చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టి, తలకు టోపీ పెట్టి, ఇద్దరికీ దుప్పటి కప్పండి. దీనికి మించిన వెచ్చదనం లేదు. మొదటి 24 గంటలు స్నానం చేయించవద్దు. వేడినీళ్ళ సంచిని బిడ్డకు ఆనించరాదు, ఒళ్ళు కాలుతుంది.

పట్నపు గదుల్లో

కిటికీ లేని సెల్లార్ గదిలో, రేకుల షెడ్డులో, హాస్టలు గదిలో కుంపటి అసలు వద్దు. గాలి ఆడని స్నానాల గదిలో గ్యాస్ గీజరు నుండి కూడా ఇదే విషవాయువు రావచ్చు. బకెట్‌లో హీటర్ రాడ్ వాడేవారు స్విచ్ ఆపి, ప్లగ్ తీశాకే నీళ్ళు ముట్టుకోవాలి.

ప్రమాదం జరిగితే

తలనొప్పి, కళ్ళు తిరగడం, వాంతి, మత్తు, ఇవి ఒకే గదిలో ఉన్న ఇద్దరు ముగ్గురికి ఒకేసారి వస్తే విషవాయువు అని అనుమానించండి. తలుపులు తెరచి, వెంటనే అందరినీ ఆరుబయటికి తెచ్చి, 108కి ఫోన్ చేయండి. వేలికి పెట్టే ఆక్సీమీటరు 98 చూపినా నమ్మవద్దు. అది ఈ విషవాయువును ఆక్సిజన్‌గా పొరబడుతుంది. ఆసుపత్రిలో మాస్కు ద్వారా ఇచ్చే ఆక్సిజనే చికిత్స.

స్త్రీల సమాజంలో చర్చించడానికి ప్రశ్నలు

1. పొగ తగ్గిన కుంపటి కూడా ఎందుకు ప్రమాదకరం?
2. మీ ఊళ్ళో బాలింత గదిలో కుంపటి పెడుతున్నారా? ఆ ఇంటి పెద్దలకు ఎవరు, ఎలా చెప్పాలి?
3. మీ సంఘంలో కిటికీ లేని గదుల్లో ఉంటున్నవారు ఎవరు? వారికి ఈ వారం ఒక దుప్పటి ఇవ్వగలరా?

ప్రభువు మీ గృహాలను ఈ శీతకాలమంతా క్షేమంగా కాపాడును గాక.