అరువు గుర్తు, సొంత గుర్తు

చిన్న పార్టీ పెద్ద పార్టీతో పొత్తు కుదుర్చుకున్నప్పుడు ఓటరు ముందుగా గమనించవలసినది అభ్యర్థి ఎన్నికల గుర్తు. ఇందుకు మన ప్రాంతంలోనే రెండు ఉదాహరణలు ఉన్నాయి.

పుదియ నీది కట్చి స్థాపకులు ఏ.సి. షణ్ముగం వేలూరు లోక్‌సభ స్థానానికి 2014లో బీజేపీ కమలం గుర్తుపైన, 2019లో అన్నాడీఎంకే రెండాకుల గుర్తుపైన, 2024లో మరల కమలంపైన పోటీచేశారు. మూడుసార్లూ ఓడిపోయారు, 2019లో తేడా 8,141 ఓట్లే. గుడియాత్తం శాసనసభ స్థానంలో మాత్రం 2011లో సీపీఐ, అన్నాడీఎంకే కూటమిలో ఉంటూనే, తన కంకి కొడవలి గుర్తుపైనే గెలిచింది.

“మనిషి తెలిసినవాడైతే చాలు, గుర్తు ఏదైతేనేమి?” అనే ఓటర్లున్నారు. “సొంత గుర్తు లేని పార్టీకి సొంత గొంతు ఉంటుందా?” అని అడిగేవారూ ఉన్నారు. రాజ్యాంగం పదవ షెడ్యూలు ప్రకారం, గెలిచిన సభ్యుడు తనను అభ్యర్థిగా నిలిపిన పార్టీకి చెందినవాడే. ఆ పార్టీ విప్‌ను ధిక్కరించి సభలో ఓటు వేస్తే సభ్యత్వం కోల్పోవచ్చు. అరువు గుర్తుపై గెలిచినవారు గుర్తు ఇచ్చిన పార్టీ ఆదేశానికే కట్టుబడవలసి ఉంటుంది.

కనుక పొత్తు వార్త వినగానే, అభ్యర్థి పేరుతోపాటు గుర్తు ఎవరిదో కూడా విచారించండి.